అరటిబోదె పరీక్ష

అరటిబోదె మూడోసారి కూడా మునగలేదు.

మొదటిసారి దానికి ఒక చిన్న ఇసుక మూట కట్టారు. గోదావరి ఆ మూటని ఖాతరు చెయ్యలేదు, బోదె మూటతో సహా తేలుకుంటూ పోయింది. రెండోసారి రెండు మూటలు కట్టారు. తాడు జారిపోయి మూటలు అడుక్కి, బోదె పైకి, ఎవరి దారిన అవి వెళ్ళిపోయాయి. మూడోసారి సగం మునిగి, ఏం తోచిందో ఏమో, మళ్ళీ పైకి లేచి కూర్చుంది. పడవలో ట్యాబ్లెట్ పట్టుకుని నిలబడ్డ డాక్టర్ హైమవతి ఇదంతా చూసి, "ప్రయోగం వాయిదా" అని టైపు చెయ్యబోయింది.

"ఆగండి మేడమ్‌గారూ, గోనెసంచిలో కుట్టేద్దాం" అన్నాడు సింహాద్రి. "బోదె మధ్యలో, ఇసక చుట్టూరా. మనిషి బరువూ వస్తాది, మనిషి పొడుగూ వస్తాది."

నిజానికి హైదరాబాద్ నుంచి ఒక రబ్బరు మనిషి రావాలి. డెబ్బై కిలోల బరువు, లోపలంతా సెన్సర్లు, మునిగే మనిషిలాగే చేతులు కొట్టుకుంటాడు, రక్షించడానికి వచ్చినవాళ్ళ మెడ పట్టుకుని వేలాడతాడు. ఆయన ఎక్కడో గోడౌన్‌లో ఒక సంతకం కోసం పడుకుని ఉన్నాడు. కాబట్టి ఈ దేశంలో అన్ని పెద్ద పనులూ జరిగినట్టే ఈ పని కూడా దొరికినదానితో జరిగింది. నాలుగోసారి గోనెలో కుట్టిన బోదె బుద్ధిగా మునిగింది. దాని వెనకాలే నూకరత్నం దూకింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఈ కథలో జరిగిన పొరపాటు అంతా ఆ చప్పట్ల కిందే ఉంది గాని, అప్పుడు ఎవరికీ కనపడలేదు.

ఇది మీరు చదువుతున్న రోజుకి ఓ పాతికేళ్ళ తర్వాతి సంగతి. అప్పటికి గోదావరి మీద లాంచీలన్నీ కరెంటుతో నడుస్తున్నాయి, వరద ఎప్పుడొస్తుందో పది రోజుల ముందే ఫోన్‌లో గంటతో సహా తెలిసిపోతోంది. మనుషులు మునగడం మాత్రం మానలేదు. అందుకని వాడ్రేవుపాలెం రేవుల్లో గజ ఈతగాళ్ళు ఇంకా ఉన్నారు. మునుగుతున్నవాళ్ళని పట్టుకుని పైకి తేవడం, ఆలస్యమైతే శవాన్ని వెతికి తేవడం వాళ్ళ పని. ఓలేటి నూకరత్నం వాళ్ళలో ఒకతె. ఆడవాళ్ళకి ఆ ఉద్యోగంలో పేరు లేకపోవడం వల్ల జీతమిచ్చే శాఖవారి రిజిస్టర్లో "గజ ఈతగాడు నూకరత్నం" అని రాసుకున్నారు. ముప్పై నాలుగేళ్ళ వయసుకి ఆమె నలభై ఒక్క మందిని ప్రాణాలతో గట్టు ఎక్కించింది.

పదకొండో ఏట ఆమె ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది. ఇది తిండి ఎక్కువై వచ్చే షుగర్ కాదు, పిల్లలకి వచ్చే రకం. ఇన్సులిన్ బయటినుంచి ఎక్కకపోతే మనిషి బతకదు. అప్పటినుంచీ ఆమె నడుముకి పంపు ఉంది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా, అందులోంచి పొట్ట చర్మం కిందికి ఒక సన్నటి గొట్టం, జబ్బ మీద షుగర్ చూసి చెప్పే సెన్సర్. సెన్సర్ చెప్తుంది, పంపు విని ఇన్సులిన్ వదులుతుంది. ఇద్దరూ రేడియో తరంగాలతో మాట్లాడుకుంటారు. చిక్కేమిటంటే ఆ తరంగాలు నీళ్ళలో జానెడు దూరం కూడా సరిగ్గా పోవు. నీళ్ళలోకి దిగితే సెన్సర్ మూగది, పంపు చెవిటిది. పైగా పాత పంపుల్లో నీళ్ళు దూరి చెడిపోయేవి.

అందుకని పంపు పెట్టుకున్నవాళ్ళకి డాక్టర్లు ఒకటే మాట చెప్పేవారు. ఈతకి ముందు పంపు ఊడదీసి ఎండ తగలని చోట పెట్టండి, గంట దాటనివ్వకండి, పక్కన ఒక మనిషిని ఉంచుకోండి. గంట దాటితే షుగర్ పైకి పోతుంది. ఈలోపల ఈతకి ఒళ్ళు షుగర్‌ని ఖర్చుపెట్టేస్తే కిందికి పడిపోతుంది. పడిపోయిన మనిషికి ముందు పోయేది తెలివి. గట్టు మీదైతే తూలి కూలబడతారు, ఎవరో పంచదార నోట్లో పోస్తారు. నీళ్ళలో ఎవరు పోస్తారు?

రత్నానికి పోసే మనిషి ఉన్నాడు. ఆయనే సింహాద్రి, ఆమె మేనమామ, పని నేర్పిన గురువు కూడా. ఇరవై ఏళ్ళుగా వాళ్ళ పద్ధతి ఇది. రత్నం పంపు ఊడదీసి స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మావయ్య చేతికిస్తుంది. ఆయన దానికి తడి తువ్వాలు చుట్టి పడవ బల్ల కింద నీడలో ఉంచుతాడు. ఆమె బుగ్గలో బెల్లంముక్క పెట్టుకుని దూకుతుంది. తేలిన ప్రతిసారీ ఆయన "రేవులు చెప్పవే" అని కేకేస్తాడు. ఎగువనుంచి దిగువకి ఏడు రేవుల పేర్లూ ఆమె వరసగా చెప్పాలి. ఒక్క పేరు తడబడినా, ఒకటి వదిలేసినా, నడుముకి కట్టిన తాడు పట్టుకుని నిర్దాక్షిణ్యంగా లాగేస్తాడు. ఒకసారి కోపమొచ్చి, "బాగానే ఉన్నాను మావయ్యా" అని ఆవిడ అరిస్తే, "బాగున్నదానివి మూడో రేవు ఏదో చెప్పు" అన్నాడు. చెప్పలేకపోయింది. అప్పుడు చూస్తే షుగర్ నలభై ఆరు.

ఇరవై ఏళ్ళు ఈ పద్ధతి ఒక్కసారీ తప్పలేదు. అయితే ఇందులో సర్టిఫికెట్టు ఏదీ లేదు. వేరే జిల్లాలో ఒక ఈతగాడు నీళ్ళలో గుండె ఆగి పోయాక, శాఖవారు అందరికీ వైద్య పరీక్ష పెట్టారు. రత్నం పొట్ట మీద గొట్టం చూసిన డాక్టరు ఏడు రేవుల సంగతి అడగలేదు. జాబితాలోంచి పేరు కొట్టేశాడు.

ఆమెకి ఇంకో పని రాదని కాదు. చేపల మార్కెట్టులో కూర్చోగలదు, లాంచీ నడపగలదు. కానీ మునిగిపోతున్న మనిషి చెయ్యి తన చేతికి దొరికిన క్షణం ఎలా ఉంటుందో తెలిసిన మనిషికి గట్టు మీద కూర్చోవడం నరకం. పేరు కొట్టేశాక నాలుగు నెలలపాటు ఆమె రేవు వైపు వెళ్ళలేదు. అలాంటప్పుడు హైమవతి వాళ్ళింటికొచ్చింది.

హైమవతికి ఈత రాదు. చిన్నపిల్లల షుగర్ డాక్టరుగా పదిహేనేళ్ళు పనిచేసి, ఆ తర్వాత ల్యాబ్‌లోకి వెళ్ళింది. ఆ పదిహేనేళ్ళలో ప్రతి వేసవికీ పిల్లలు ఆవిడని ఒకటే అడిగేవారు, "స్విమ్మింగ్‌కి వెళ్ళచ్చా ఆంటీ?" అని. వెళ్ళచ్చు అనేది. కానీ ఆ పక్కనే ఉన్న తల్లి మొహం చూస్తే వీళ్ళు పంపరని తెలిసిపోయేది. ఆ తల్లుల కోసం తయారుచేసిన యంత్రానికి కాగితాల మీద పెద్ద పేరు ఉంది గాని, సింహాద్రి దాన్ని చూసి "తెప్ప" అన్నాడు, అదే నిలిచిపోయింది.

తెప్ప చేసేవి మూడు పనులు. మొదటిది, సెన్సర్‌కీ పంపుకీ మధ్య రేడియో మానేసి, మన ఒంట్లో ఉన్న ఉప్పునీటినే తీగలా వాడుకుంటుంది. నీళ్ళలో ఎంతసేపున్నా ఒకదాని మాట ఒకటి వింటూనే ఉంటాయి. రెండోది, పెట్టుకున్న మనిషి అలవాట్లు నేర్చుకుంటుంది. ఎప్పుడు అలుస్తారు, ఎంత వేగంగా షుగర్ దిగుతుంది, దిగితే ఏం చేస్తారు, అన్నీ. మూడోదే అసలుది. భుజాల చుట్టూ చుట్టుకున్న బొటనవేలంత లావు పట్టీలో గాలి నింపే సిలిండర్ ఉంది. ప్రమాదం దగ్గర పడుతోందని యంత్రానికి అనిపిస్తే రెండుసార్లు పొట్ట దగ్గర అదురుతుంది. మనిషి పైకి రాకపోతే పట్టీ విచ్చుకుని మూడు సెకన్లలో నీటిపైకి ఎత్తేస్తుంది. ఒక గాలి అర పగిలితే రెండో అర తెరుచుకుంటుంది. షుగర్ సరైనచోట స్థిరపడేదాకా బకిల్ ఊడదు, ఎందుకంటే మత్తులో ఉన్న మనిషి దాన్ని ఊడదీసుకోకూడదు. ఎంత ముందుచూపో చూడండి.

"ఇది పనిచేస్తే నా పేరు మళ్ళీ ఎక్కిస్తారాండి?" అని అడిగింది రత్నం.

"నేను రాసిస్తాను. మీకన్నా కష్టమైన నీళ్ళలో దిగేవాళ్ళు ఎవరూ లేరు. మీ దగ్గర పనిచేస్తే స్విమ్మింగ్ పూల్‌లో పిల్లలకి తప్పకుండా పనిచేస్తుంది."

"అయితే పెట్టండి" అంది రత్నం.

అలా ఆరు వారాలు, అరవై సార్లు, ఆమె గోనెలో కుట్టిన అరటిబోదెని గోదావరి అడుగునుంచి పైకి తెచ్చింది. కావాలని తక్కువ తిని దూకేది, షుగర్ దిగుతున్నప్పుడు ఏం జరుగుతుందో యంత్రం నేర్చుకోవడానికి. పొట్ట దగ్గర అదరగానే బోదెని వదిలేసి పైకి వచ్చేసేది. మళ్ళీ తిని, మళ్ళీ దూకి, వదిలేసిన బోదెని వెతుక్కునేది. హైమవతి పడవలో కూర్చుని రాసుకునేది.

"అలారం రాగానే ప్రతిసారీ వదిలేస్తున్నారు కదా?"

"ఆయ్, వదిలేస్తున్నానండి."

"ఒక్కసారైనా పట్టుకునే ఉందామనిపించలేదా?"

రత్నం నవ్వింది. "అరటిబోదె కోసం ఎవరు చస్తారండి?"

హైమవతి కూడా నవ్వి, "అలారం వస్తే బరువు వదిలేస్తుంది: అరవైకి అరవై" అని ట్యాబ్లెట్లో ఎక్కించింది. రత్నం అన్న మాట మాత్రం ఎక్కించలేదు. ఆ ఆరు వారాల్లో ఎక్కించాల్సిన మాట అదొక్కటే.

సింహాద్రి ఒకసారి గొణిగాడు. "బోదె గిలగిల్లాడదు కదండీ. మెడ పట్టుకోదు. మనిషి అలా కాదు."

"ఆ బొమ్మ వచ్చాక ఆ పరీక్ష కూడా చేస్తామండీ" అంది హైమవతి. ఆవిడ అబద్ధం చెప్పలేదు. బొమ్మ రాలేదు, అంతే. ఈలోగా అరవై పరీక్షల ఫలితాలు ఎంత చక్కగా ఉన్నాయంటే, పైవాళ్ళు ఇంక బొమ్మ అక్కర్లేదన్నారు.

ఒక్క మాట న్యాయంగా చెప్పుకోవాలి. తెప్ప పెట్టుకుని రత్నం ఆ రోజుల్లో ఎంత సుఖపడిందో నేను చెప్పకపోతే తప్పవుతుంది. ఒక ఆదివారం పొద్దున్న ఆమె ఈ గట్టు నుంచి అవతల లంకకి ఈదుకుంటూ వెళ్ళి, ఇసుకలో కాసేపు పడుకుని, మళ్ళీ ఈదుకుంటూ వచ్చింది. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి గంట చూసుకోలేదు, తాడు కట్టుకోలేదు, ఎవరికీ రేవుల పేర్లు అప్పజెప్పలేదు. గట్టెక్కాక మావయ్య పక్కన కూర్చుని ఏడ్చింది. ఎందుకే అంటే, ఊరికే అంది.

పేరు జాబితాలోకి మళ్ళీ ఎక్కింది. దాంతోపాటు ఇంకో కాగితం వచ్చింది. యంత్రమే కనిపెట్టుకుని ఉంటుంది కాబట్టి రత్నం కోసం గట్టు మీద ప్రత్యేకంగా మనిషి అవసరం లేదని, సింహాద్రి ఇకనుంచి మిగతా ఈతగాళ్ళతోపాటు నీళ్ళలో పని చెయ్యాలని. ఆయనకి అప్పటికి యాభై ఆరు. "మంచిదే, గట్టు మీద కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేశాయి" అన్నాడు. ఆ రాత్రి భార్య సూరమ్మ మోకాళ్ళకి నూనె రాస్తూ ఏం అందో నాకు తెలీదు.

కార్తీక మాసం రెండో సోమవారం. తెల్లారి ఏడయ్యేసరికి పడవల రేవు నిండా స్నానాలవాళ్ళు. ఎగువనుంచి ఎవరిదో తెగిపోయిన నైలాన్ వల కొట్టుకొచ్చి, స్నానాలవాళ్ళకి అడ్డంగా కట్టిన గుంజలకి నీటి అడుగున చుట్టుకుంది. ఎవరి కాళ్ళైనా చిక్కుకుంటాయని సింహాద్రి కత్తి తీసుకుని దిగాడు. ఆయన కాలే చిక్కుకుంది. ఒక నిమిషం చూసి, ఆయన తేలకపోయేసరికి, రత్నం తన కత్తి తీసుకుని, బుగ్గలో బెల్లంముక్క పెట్టుకుని దూకింది. తెప్ప వచ్చాక బెల్లం అక్కర్లేదు. అలవాటు, అంతే.

రెండు నిలువుల లోతు. బురదనీళ్ళలో ఆమెకి మావయ్య కనపడలేదు, చేతికి తగిలాడు. ప్రవాహం లాగేస్తుంటే ఎడమ చేత్తో ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆయన కత్తి అప్పటికే జారిపోయినట్టుంది, ఆయనా ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కుడిచేతి కత్తితో కాలికి చుట్టుకున్న తాళ్ళు తడుముకుంటూ కోసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇంకో రెండు ఉన్నాయి.

పొట్ట దగ్గర అదిరింది.

ఆమె వదల్లేదు. మళ్ళీ అదిరింది. ఐదో తాడు మీద కత్తి పెట్టింది. చేతిలో బరువు ఉంది, షుగర్ దిగుతోంది, మనిషి పైకి రావడం లేదు. యంత్రం దృష్టిలో ఇది అరవైసార్లు చూసిన సంగతే, కాకపోతే ఈసారి ఈ మనిషి వదలాల్సిన బరువుని వదలడం లేదు. అంటే తెలివి తప్పిందన్నమాట. ఇది బోదె కాదని దానికి చెప్పే దారి రత్నం దగ్గర లేదు. అలాంటి దారి ఒకటి ఉండాలని ఎవరికీ తోచలేదు.

భుజాల మీద పట్టీ విచ్చుకుంది. ఆమె పట్టు అప్పటికీ వీడలేదు. కానీ ఆ చప్పుడు, ఆ గాలి తెప్ప ఆయన చేతికి తగలడం, ఇవి సింహాద్రికి ఒక్కటే చెప్పాయి. పిల్లకి షుగర్ పడిపోయింది. ఇరవై ఏళ్ళు ఆయన చేసిన ఉద్యోగం దాన్ని పైకి పంపడమే. ఆయన తన వేళ్ళు విప్పేసి, రెండో చేత్తో ఆమె వేళ్ళని ఒక్కొక్కటిగా ఊడదీశాడు. ఆమె పైకి లేచిపోయింది.

పైన ఆమె కత్తితో తెప్పని పొడిచింది. రెండో అర తెరుచుకుంది. దాన్నీ పొడవబోతే కత్తి జారి నీళ్ళలో పడింది. బకిల్ కోసం పెనుగులాడింది, అది ఊడలేదు. మునగడానికి ప్రయత్నించిన ప్రతిసారీ తెప్ప ఆమెని జాగ్రత్తగా పైకి తెచ్చింది. పక్క రేవునుంచి ఇద్దరు ఈతగాళ్ళు పడవలో వచ్చి దిగేసరికి ఆరు నిమిషాలు పట్టింది. సింహాద్రిని గట్టు మీద పడుకోబెట్టినప్పుడు ఆయన కాలికి రెండు తాళ్ళే ఉన్నాయి. ఒకటి సగం తెగి ఉంది.

గట్టు మీద ఎవరో రత్నం వేలు గుచ్చి షుగర్ చూశారు. నూట ఇరవై ఒకటి.

హైమవతి మర్నాడు వచ్చింది. తెప్పలోంచి రికార్డంతా దించుకుని, రేవు మెట్ల మీద రత్నం పక్కన కూర్చుంది. చదువుకున్నవాళ్ళు ఇలాంటప్పుడు పెద్ద మాటల చాటుకి పోతారు. ఈవిడ పోలేదు, అది ఒప్పుకోవాలి.

"ఆ రెండు తాళ్ళూ కొయ్యడానికి ఇంకెంతసేపు పట్టేదండి?" అని అడిగింది రత్నం.

"మొదటి నాలుగూ కోసిన వేగం బట్టి చూస్తే, ఇరవై సెకన్లు."

"ఆ ఇరవై సెకన్లలో నాకేవన్నా అయ్యేదాండి?"

హైమవతి ట్యాబ్లెట్ పక్కన పెట్టింది. "లేదు. సెన్సర్ చర్మం కింద ఉంటుంది. రక్తంలో జరిగింది దానికి పదినిమిషాలు ఆలస్యంగా తెలుస్తుంది. అది చూసింది మీరు దూకకముందు షుగర్. అప్పటికే మీ బెల్లం పనిచేస్తోంది. అది దానికి తెలీదు."

"మా మావయ్యకి తెలిసేది" అంది రత్నం. "రేవుల పేర్లు అడిగేవాడు."

తర్వాత తెప్ప పట్టీని వేలితో చూపించింది.

"మేడమ్‌గారూ, ఒక మీట పెట్టండి. నేను నొక్కి పట్టుకుంటే నన్ను లేపకూడదు. చస్తే నేనే చస్తాను."

"పెట్టించడానికి ప్రయత్నిస్తాను" అంది హైమవతి. నిజంగానే ప్రయత్నించింది. పన్నెండు పేజీల నివేదిక రాసింది. అందులో బోదె గురించి, బెల్లం గురించి, తను చేసిన తప్పు గురించి దాచకుండా రాసింది. ఇలాంటి పరికరాలకి అనుమతులిచ్చే కమిటీవారు శ్రద్ధగా చదివారు. వాళ్ళలో ఒక పెద్దమనిషి ఎంతో మృదువుగా ఆవిడకి విషయం బోధపరిచాడు. "చూడండమ్మా, మీట పెట్టాక ఆ అమ్మాయి చనిపోతే, మీట పెట్టమని సంతకం చేసిందెవరని అడుగుతారు. మీట లేకపోవడం వల్ల ఇంకొకరు చనిపోతే అది ప్రమాదం."

నివేదికలో పదకొండు పేజీలు పక్కకి పోయాయి. మిగిలిన ఒక్క పేజీలో, పరికరం తన వినియోగదారుని నీటి అడుగునుంచి సురక్షితంగా పైకి తెచ్చిన మొదటి సందర్భం నమోదైంది. అది పత్రికల్లో వచ్చింది. రత్నం ఫొటో వేశారు, వైద్య పరీక్షప్పుడు తీసింది. దాని కింద "యంత్రం నిలిపిన ప్రాణం" అని రాశారు. సింహాద్రి పేరు లోపలి పేజీలో వేరే వార్తలో ఉంది.

పెద్దకర్మ అయిన మర్నాడు సూరమ్మ రత్నాన్ని పిలిపించింది. అరుగు మీద కూర్చోమని తను గుమ్మంలో నిలబడింది.

"ఒకటడుగుతాను, నిజం చెప్పు" అంది. "చెయ్యి నువ్వొదిలావా, ఆయనొదిలాడా?"

రత్నం దగ్గర నిజం ఉంది. ఆయనే వదిలాడు, నా వేళ్ళు ఊడదీసి మరీ పంపాడు, నాకేమీ కానప్పుడు నాకేదో అయిందనుకుని పంపాడు. ఈ మాట చెప్తే, తన మొగుడు ఉత్తిపుణ్యానికి పోయాడని ఈ మనిషి బతికున్నన్నాళ్ళూ తలుచుకోవాలి. చెప్పకపోతే తలుచుకోవడానికి ఒక మేనకోడలు దొరుకుతుంది. కోపం పెట్టుకోవడానికి యంత్రం కన్నా మనిషి నయం.

"నేనే వదిలానత్తా" అంది.

సూరమ్మ తిట్టలేదు, ఏడవలేదు. లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ఆ తలుపు ఆ తర్వాత రత్నానికి తెరుచుకోలేదు.

ఏడాది తిరిగేసరికి అన్ని రేవుల్లోనూ ఈతగాళ్ళందరికీ, షుగర్ ఉన్నా లేకపోయినా, తెప్ప పట్టీ తప్పనిసరి చేశారు. వాళ్ళ గుండె కాస్త వేగంగా కొట్టుకున్నా అది వాళ్ళని పైకి తెచ్చేస్తుంది. ఆ ఏడు విధి నిర్వహణలో ఒక్క ఈతగాడూ చనిపోలేదు. శాఖవారు దీన్ని అచ్చువేసి గోడలకి అంటించారు. ఆ ఏడు మునిగిపోయినవాళ్ళు ఎంతమందో వేరే శాఖవారి దగ్గర ఉంటుంది, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసే పని ఎవరికీ అప్పజెప్పలేదు. ఈతగాళ్ళు పాపం దూకుతూనే ఉన్నారు. మనిషి చేతికి అందే సమయానికి తేలిపోతున్నారు.

రత్నం దూకనంది. తెప్ప తీసేసి, పాత పద్ధతిలో, పంపు డబ్బాలో పెట్టి దూకుతానంది. అది ఇప్పుడు నేరం. పంపు ఉన్న మనిషి తెప్ప లేకుండా నీళ్ళలో కాలు పెడితే పట్టుకుపోతారు. ఇరవై ఏళ్ళు ఏ చట్టమూ లేకుండా ఈదిన మనిషికి, ఈతని సురక్షితం చేశాక, ఈత లేకుండా పోయింది.

అయితే ప్రాణం నిలిచిన మొదటి మనిషిని వదులుకోకూడదని శాఖవారికి అనిపించింది. ఊళ్ళో కొత్తగా కట్టిన పూల్‌లో ఆమెకి టీచర్ ఉద్యోగం ఇచ్చారు. పంపులు పెట్టుకున్న పిల్లలు, పద్దెనిమిది మంది. నీలం నీళ్ళు, అడుగున గచ్చు కనపడుతూ ఉంటుంది. తల్లులు గాజు గోడ అవతల కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగుతూ చూస్తారు. ఇన్నాళ్ళూ పిల్లల్ని పంపనివాళ్ళే వీళ్ళు. ఇప్పుడు వాళ్ళ మొహాల్లో భయం లేదు. హైమవతి కోరుకున్నది ఇదే, ఇది జరిగింది. నెలకోసారి ఆవిడ వచ్చి ఆ గాజు వెనకాల నిలబడి వెళ్ళిపోతుంది, రత్నాన్ని పలకరించే ధైర్యం చెయ్యదు.

గోదావరిలో జరిగినదాన్నుంచి కమిటీవారు ఒక పాఠం నేర్చుకున్నారు. ఇద్దరు పట్టుకుని ఉంటే తెప్ప పని ఆలస్యమవుతోంది. కాబట్టి మీట పెట్టలేదు గాని, పాఠాల పుస్తకంలో మొదటి పాఠం మార్చారు. నీళ్ళలో ఎవరూ ఎవరినీ పట్టుకోకూడదు. పక్కవాళ్ళు మునిగితే రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుని మూడడుగులు వెనక్కి జరగాలి. ఈ పాఠం చెప్పడమే రత్నం ఉద్యోగం. రోజూ పొద్దున్న పిల్లల్ని వరసగా నిలబెట్టి ఆమె చెప్పేది, వాళ్ళు ముద్దుగా వల్లించేవాళ్ళు. ఉద్యోగం కాబట్టి చెప్పేది. పిల్లలు ఎలాగూ వినరులే అని మనసులో ఒక ఆశ ఉండేది.

నాలుగో నెలలో ఒక రోజు వాహిని అనే పిల్ల, ఎనిమిదేళ్ళుంటాయి, మధ్యలో ఈదుతూ ఈదుతూ ఆగిపోయింది. చేతులు రెండుసార్లు వంకరగా ఆడాయి, తల మునిగింది. షుగర్ పడిపోయిన ఒళ్ళు ఎలా ఆగుతుందో రత్నానికి ఎవరూ చెప్పక్కర్లేదు. చుట్టూ ఉన్న పదిహేడుమంది పిల్లలూ చేతులు ఛాతీ మీద పెట్టుకుని మూడడుగులు వెనక్కి జరిగారు. ఒక్కరు కూడా తప్పు చెయ్యలేదు. గాజు వెనక తల్లులు కాఫీ కప్పులు కింద పెట్టలేదు.

రత్నం దూకింది. ఏ పుస్తకమూ గుర్తు రాలేదు. నీటి అడుగున పిల్ల చెయ్యి ఆమె చేతికి దొరికింది. చిన్న చెయ్యి, చల్లగా ఉంది. ఎన్నో నెలల తర్వాత మొదటిసారి ఆమె ఒక మనిషిని పట్టుకుంది.

పిల్లకి ఇంకా కాస్త తెలివి ఉంది. కళ్ళు తెరిచి చూసి, రెండో చేత్తో టీచర్ వేళ్ళని ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. భయపడకుండా, నేర్చుకున్నట్టుగా. చివరి వేలు ఊడగానే భుజాల మీద పట్టీ విచ్చుకుని పిల్ల పైకి వెళ్ళిపోయింది.

రత్నం తేలేసరికి వాహిని తెప్ప మీద వెల్లకిలా పడుకుని ఉంది. పంపు ఇన్సులిన్ ఆపి, పిల్లల పంపుల్లో కొత్తగా చేర్చిన షుగర్ పెంచే మందు ఎక్కించింది, మొహంలోకి రంగు తిరిగి వస్తోంది. పిల్లలంతా చప్పట్లు కొడుతున్నారు.

"టీచర్, మీరు పట్టుకోకూడదు కదా" అంది పిల్ల, నీరసంగా, చాలా మర్యాదగా. "మీరే చెప్పారు."

"అవునమ్మా, తప్పే" అంది రత్నం. "చాలా బాగా చేశావు."

పిల్లని తల్లికి అప్పగించి వచ్చి, గట్టు మీద నిలబడి, తర్వాతి వరసని నీళ్ళలోకి దిగమంది.